నవ్వుల నిచ్చెన

పాలకొల్లులోని తన ఇంటి ముందుగదిలో సంహిత టీచరు మెడ తిప్పుతోంది. కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి, తొందర లేకుండా. ఆమె పక్కన మరో ముగ్గురు అదే వరసలో మెడలు తిప్పుతున్నారు. సరిగ్గా అదే సమయంలో సంహిత టీచరు వంటింటి గుమ్మంలో పీట వేసుకుని తోటకూర కాడలు విరుస్తూ, ముందుగదిలో తాను మెడ తిప్పడం చూస్తోంది.

"విహాన్, మోకాళ్ళు బిగించబాక. కొంచెం వంచు," అన్నారు కౌశిక్ గారు.

"వంచిన సార్," అన్నాడు విహాన్.

"ఇంకొంచెం."

నిజానికి ఆ నలుగురిలో ఒక్కరూ ఆ గదిలో లేరు. నాటక దర్శకుడు కౌశిక్ గారు ఉండేది నరసరావుపేటలో. హర్షిణి బొబ్బిలిలో ఇడ్లీ కొట్టు నడుపుతుంది. విహాన్‌ది సిరిసిల్ల, ఉద్యోగం మాత్రం తాడిపత్రి అవతల ఒక సౌరక్షేత్రంలో. కనుచూపు మేర అద్దాల పలకలే తప్ప మనిషన్నవాడు కనపడని చోటు. ఇక నాలుగో మనిషి ఇక్కడ తోటకూర విరుస్తోంది.

దీనికంతటికీ మూలం చాప. ఇంటికొక పొయ్యి ఉన్నట్టే ఇప్పుడు ఇంటికొక సన్నిధి చాప ఉంటోంది. దాని మీద నిలబడితే చాలు, మనిషి ఉన్న ఊరు కదలకుండా ఎదుటివాళ్ళ గదిలో నిండు విగ్రహంగా ప్రత్యక్షమవుతాడు. వాళ్ళు వచ్చి ఇతని గదిలో నిలుస్తారు. బడి చాప మీదే. పెళ్ళి చాప మీదే. పరామర్శ కూడా చాప మీదే. పెళ్ళిభోజనం ఒక్కటి మాత్రం ఇంకా ఎవరింట్లో వాళ్ళు వండుకోవలసి వస్తోందని పెద్దవాళ్ళు విసుక్కుంటారు.

మొదట్లో దీనికొక చిక్కుండేది. దూరం వల్ల మాట అరక్షణం వెనకబడేది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఆగి, "మీరు చెప్పండి" అంటే "లేదు, మీరే" అనుకుంటూ పుణ్యకాలం గడిచిపోయేది. ఆ అరక్షణాన్ని పూడ్చడానికి చాపలో ఊహికను అమర్చారు. మనిషి తరవాతి అరక్షణంలో ఏం చేస్తాడో అది ముందే ఊహించి ఎదుటివాళ్ళకు చూపిస్తుంది. మధ్యలో లైను తెగినా బొమ్మ రాయిలా బిగుసుకుపోకుండా, ఆ మనిషి అలవాటును బట్టి మిగతాది నడిపిస్తుంది. అలా నడిచే బొమ్మ ఆ మనిషి సొంత చాప మీద కూడా కనపడుతుంది. మామూలు మాటల్లో అది నాలుగు క్షణాలకు మించి నెట్టుకురాలేదు. కానీ రోజూ ఒకే తీరుగా చేసే పని అయితే మొదలు అందించడమే ఆలస్యం, చివరిదాకా అదే లాక్కుపోగలదు.

కౌశిక్ గారి నాటక సమాజం చేసే 'మేలుకొలుపు' అచ్చం అలాంటి పని. రిహార్సలు సాయంత్రమైనా, ఒళ్ళూ గొంతూ పొద్దున్నే లేపాలని ఆయన పట్టుదల. ముందు మెడ, తరవాత భుజాలు, మణికట్లు. గుర్రంలా పెదాలు వదిలి బుర్రుమనడం. నోరు మూసి మకారం పలికించడం. ఆ పైన నాలుక తిరగడానికి, "పచ్చికలో పిచ్చుక పుచ్చకాయ పిక్కను పుక్కిట పట్టింది" అని గుక్క తిప్పుకోకుండా చెప్పడం. ఆఖరున నవ్వుల నిచ్చెన. మూడేళ్ళుగా అందులో పొల్లు కూడా మారలేదు. "సాధకం మారిస్తే గొంతు మనల్ని నమ్మదమ్మా," అంటారాయన.

అందుకే ఊహికకు ఆ అరగంటా కంఠతా వచ్చేసింది.

"నిచ్చెన ఎక్కండి," అన్నారు కౌశిక్ గారు. "మొదటి మెట్టు."

నలుగురూ ముసిముసిగా నవ్వారు. రెండో మెట్టు మీద కిలకిలా నవ్వారు. మూడో మెట్టు మీద పకపకా నవ్వారు. సంహిత చేతిలో కాడ అలాగే ఉండిపోయింది. ఆమె ఎదురుచూసేది దీని తరవాతి మెట్టు కోసమే.

నాలుగో మెట్టు మీద విరగబడి నవ్వాలి. ముందుగదిలోని సంహిత విరగబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ, ఎవరో పిలిచినట్టు, వంటింటి వైపు తల తిప్పింది.

ఆ తిప్పడం మేలుకొలుపులోది కాదు. అది తేజస్‌ది. సంహిత భర్త తేజస్ రోజూ ఆ వేళకు కాఫీ గ్లాసు పట్టుకుని ఈ గుమ్మంలోనే నిలబడేవాడు. నాలుగో మెట్టు దాకా బుద్ధిగా ఊరుకుని, సరిగ్గా అప్పుడు, చాపకు వినపడనంత నెమ్మదిగా, "టీచరుగారండీ, గుర్రాలు ఇందాకే అయిపోయాయండి," అనేవాడు. ఒక్కో రోజు ఇంకోటేదో అనేవాడు. ఆమె అటు తిరిగి చూసేది. అంతవరకూ నేర్చుకున్న నవ్వంతా పోయి అసలు నవ్వు వచ్చేది.

తేజస్ పోయి మూడు నెలలు దాటింది. కర్మకాండలన్నీ ముగిశాక, ఇంట్లో ఊరికే కూర్చోవద్దని అందరూ అంటే ఆమె మళ్ళీ చాప ఎక్కింది. మెడ తిప్పడం మొదలుపెట్టి, నిచ్చెన సంగతి గుర్తొచ్చి, నిలబడలేక చాప దిగి వచ్చి ఈ గుమ్మంలో కూలబడింది. లైను తెగిందనుకుంది కాబోలు, ఊహిక మిగతాది అందుకుంది. ఆమె కళ్ళ ముందే ఆమె మకారం పలికింది, పిచ్చుకను పలికింది, నిచ్చెన ఎక్కింది. నాలుగో మెట్టు మీద తల తిప్పి, గుమ్మంలో ఉన్న మనిషిని చూసి నవ్వింది.

ఆ మర్నాటి నుంచి ఆమె రోజూ చాప ఎక్కి, మెడ ఒక్కసారి తిప్పి, దిగి వచ్చేస్తోంది. తోటకూరో చిక్కుడుకాయలో ముందేసుకుని కూర్చుంటుంది. సన్నిధిలో జరిగిన దేన్నీ నిలవ చేయకూడదని చట్టం. ఊహిక కూడా బొమ్మలు దాచుకోదు. అలవాటు నేర్చుకుంటుంది, అంతే. కొన్నాళ్ళు వరసగా ఇంకో తీరుగా చేస్తే ఆ కొత్తది పట్టుకుని పాతదాన్ని విడిచిపెట్టేస్తుంది. ఇప్పుడు తన ఎండు గొంతుతో ఆ నిచ్చెన ఎక్కితే, ఆ నవ్వు ఉండదు. ఆ తల తిప్పడం ఉండదు.

సంహిత తోటకూర పక్కన పెట్టి, గబగబా చాప ఎక్కింది. మేలుకొలుపు అయిపోగానే మాటలుంటాయి. మాటలు ఊహిక వల్ల కాదు.

"ఓలక్కో, నీ నవ్వు ఇనకపోతే నాకు తెల్లారినట్టుండదు," అంది హర్షిణి. "ఇంత జరిగినా ఆ నవ్వు పోనేదు సూడు. నీ గుండె సల్లగుండ."

"నిజం అక్కా," అన్నాడు విహాన్. "గీ చేన్ల నాకు దినమంతా పలకల చప్పుడే. పొద్దుగాల మీ అందరితోని నవ్వితెనే, నేను మనుషుల్ల ఉన్నట్టు."

సంహిత చాప అంచును కాలితో సర్దింది. తెలుగు టీచరుకు కూడా మాట దొరకని సందర్భాలుంటాయి.

"సరే, వినండి," అన్నారు కౌశిక్ గారు. "తెనాలి నుంచి కబురొచ్చింది. సశరీర నాటకోత్సవానికి మనల్ని తీసుకున్నారు."

హర్షిణి కెవ్వుమంది. సశరీర నాటకోత్సవమంటే చాపలుండవు, ఊహిక ఉండదు. నటులు ఒంటితో వచ్చి, చెక్కల వేదిక ఎక్కి, ఒంటితో వచ్చిన ప్రేక్షకుల ముందు ఆడాలి. అలాంటి పోటీ రాష్ట్రంలో ఇంకొకటి లేదు. అందులో ఆడడం కౌశిక్ గారి జీవితకాలపు కోరిక.

"సంహితమ్మా, బరువంతా నీ మీదే," అన్నారాయన. "నాటకమంతా నువ్వేసే జడ్జిగారు కట్టెలా కూర్చుంటుంది. ఆఖర్లో ముద్దాయి మాటకు నవ్వు ఆపుకోలేక పడీపడీ నవ్వుద్ది. ఆ నవ్వుతో కేసు కొట్టుకుపోద్ది. ఆ నవ్వు లేకపోతే మన నాటకం ఉత్త వాయిదా!"

రిహార్సళ్ళలో ఆ ఘట్టం వచ్చేసరికి ఆయన, "ఇక్కడ టీచరమ్మ నవ్వుద్ది, రోజూ పొద్దున చూస్తానే ఉన్నాంగా, పదండి," అని దాటించేసేవారు. ఇంతకాలమూ ఆమె బతికిపోయింది అందుకే.

ఆ రోజు బడి అయ్యాక, ఎనిమిదో తరగతి పిల్లల బొమ్మలన్నీ ముందుగదిలోంచి మాయమయ్యాక, సంహిత చాప ఆపేసి గది మధ్య నిలబడింది. నిచ్చెన మొదలుపెట్టింది. మొదటి మెట్టు ఎలాగో ఎక్కింది. రెండో మెట్టు మీద వచ్చింది నవ్వు కాదు, దగ్గు. మూడోది ప్రయత్నించలేదు. ముఖం కడుక్కుని వచ్చి, మళ్ళీ చాప ఎక్కి కౌశిక్ గారిని పిలిచింది.

"జడ్జి వేషానికి ఇంకెవర్నైనా చూసుకోండి, కౌశిక్ గారండీ."

"ఏంది, ఆరోగ్యం బాలేదా?"

"అది కాదండి. నవ్వు రావట్లేదు."

"పొద్దున వచ్చిందిగా?"

ఇప్పుడు చెప్పేస్తే పోతుందనుకుంది. చెబితే ఆయన రేపటి నుంచి నిజంగా చెయ్యమంటారు. చేస్తే ఆ తల తిప్పడం చెరిగిపోతుంది. "వచ్చిందండి," అంది.

"మరింకేం? తేజస్ ఉంటే ముందు వరసలో కూర్చునేవాడమ్మా. బస్సు టికెట్లు నేనే తీస్తన్నా."

*

తెనాలిలో వాళ్ళకిచ్చిన విడిది గది వేదిక వెనకే ఉంది. పెచ్చులూడిన గోడ, దానికో అద్దం, మూలన నిప్పు ఆర్పే ఎర్ర డబ్బా. సంహిత వెళ్ళేసరికి హర్షిణి అప్పటికే మూటలు విప్పుతోంది. ఆమె దగ్గర కొబ్బరినూనె వాసన వేసింది. మూడేళ్ళ స్నేహంలో హర్షిణికి ఒక వాసన ఉందని సంహితకు తెలియదు.

"ఓలక్కో!" అని హర్షిణి గట్టిగా కావలించుకుని, వెంటనే వెనక్కి జరిగి ఆశ్చర్యంగా చూసింది. "నువ్విలా గట్టిగా తగులుతావనుకోనేదే!"

చాప గదిని బట్టి అందరి ఎత్తులూ సర్దేస్తుంది. ఆ సంగతి మరిచిపోయారేమో, కౌశిక్ గారు లోపలికి రాగానే ఇద్దరూ ఆయన వెనక ఇంకెవరైనా వస్తున్నారా అని చూశారు. సింహంలాంటి ఆ గొంతు గల మనిషి సంహిత భుజం దాకా వచ్చారు.

"ఏంది అట్టా చూస్తారు? నేనే," అన్నారాయన కోపంగా.

ఆ వెనక విహాన్ గుమ్మంలో తల వంచుకుని వచ్చాడు. లోపలికి వచ్చినా ఆ తల పైకప్పుకు జానెడు దూరంలోనే ఆగింది. ఒక్కొక్కరినీ చేత్తో తాకి చూశాడు. "నిజంగనే ఉన్నరు," అన్నాడు. కళ్ళు మెరిశాయి. సంహితకు అతని వైపు చూడడం కష్టమైంది.

"ఊఁ, తెర లేవబోతుంది. మేలుకొలుపు మొదలెట్టండి. మెడ," అన్నారు కౌశిక్ గారు.

తప్పించుకోవడానికి వంటిల్లు లేదు. సంహిత మెడ తిప్పింది. సగం తిరిగేసరికి ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. తనదే అనుకుని సిగ్గుపడబోయింది. చప్పుడు కౌశిక్ గారి మెడది. ఆయన తల ఎడమ వైపున ఆగిపోయింది. చేత్తో పట్టుకుని యథాస్థానానికి తెచ్చుకున్నారు.

"పెదాలు," అన్నారు, ఏమీ జరగనట్టు.

విహాన్ ఒక్కడే బుర్రుమన్నాడు. హర్షిణి నోట తుంపరలే తప్ప చప్పుడు రాలేదు.

"పిచ్చుక. పచ్చికలో పుచ్చుక... పిచ్చికలో..." కౌశిక్ గారు ఆగారు. తాను కట్టిన వాక్యమే ఆయన నోరు తిరగలేదు.

"పచ్చికలో పిచ్చుక పుచ్చకాయ పిక్కను పుక్కిట పట్టింది!" అన్నాడు విహాన్ గుక్క తిప్పుకోకుండా. తరవాత అందరి ముఖాలూ చూశాడు. "ఏమైంది మీకు? అందరికి ఒక్కపాలే జరం వచ్చిందా?"

హర్షిణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నానైతే సెప్పేస్తాను బాబూ, ఇంక దాసలేను," అంది. "ఆ యేళకి నా కొట్టుకాడ జనం నిల్సుంటారు. ఇడ్లీ రేకులు ఎక్కించాలి కదేటి? మెడ తిప్పేసి దిగిపోతాను. మిగతాది సాపే సేసుకుంటాది."

"ఎన్నాళ్ళుగా?" అన్నారు కౌశిక్ గారు.

"రెండేళ్ళు దాటిపోనాది."

"సిగ్గులేదంటమ్మా..." అని మొదలుపెట్టిన ఆయన గొంతు అక్కడే చల్లబడింది. తన చెప్పుల వైపు చూసుకున్నారు. "అంటే, నేను కూడా... 'మెడ' అని పిలుపు ఇచ్చి, కాసేపు నడుం వాల్చేవాణ్ణి. నిద్ర పట్టేసేది. మేలుకొలుపు అయ్యాక లేచేవాణ్ణి."

"మేలుకొలుపులో నిద్రా?" అంది హర్షిణి.

"వయసయిందమ్మా!"

"నేనూ చెయ్యట్లేదండి," అంది సంహిత. "కూరలు తరుక్కుంటున్నాను." అంతకు మించి చెప్పలేదు.

ఇప్పుడు ముగ్గురూ విహాన్ వైపు తిరిగారు. అతను గది మధ్యలో, మకారానికి సిద్ధంగా గుండె మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ చెయ్యి మెల్లగా దిగింది.

"మరి పొద్దుగాల నాతోని నవ్వింది ఎవరు?" అన్నాడు.

ఆ నిర్జన క్షేత్రంలో, తెల్లవారుజామున, మూడు ఖాళీ అలవాట్ల మధ్య ఒక్క మనిషి నిలబడి నిజంగా నవ్వుతున్నాడు. తాను దాచుకున్న నవ్వు వెల ఎవరు చెల్లిస్తున్నారో సంహితకు అప్పుడు తెలిసింది.

"తప్పు నాది, విహాన్," అంది. "నేను ఒక్కదాన్నే మోసం చేస్తున్నాననుకున్నాను."

"నానూ నానొక్కదాన్నే అనుకున్నాను," అంది హర్షిణి.

విహాన్ వాళ్ళ మాట వినడం లేదు. ఏదో గుర్తుచేసుకుంటున్నాడు. "సార్. రోజూ మోకాళ్ళు వంచు, మోకాళ్ళు వంచు అని నన్ను చంపుకతిన్నది ఎవరు?"

కౌశిక్ గారు నీళ్ళు నమిలారు. "నేనే. అంటే, నా అలవాటు."

"మీరు పండుకొని గురక వెట్టంగ, నేను వంచిన! ఇంకొంచెం అంటే ఇంకొంచెం వంచిన! నా మోకాళ్ళు నొస్తున్నయి సార్!"

కౌశిక్ గారు గడ్డం నిమురుకున్నారు. "నిద్రలో కూడా నా దర్శకత్వం బాగానే ఉందన్నమాట."

ముందు హర్షిణి పేలింది. అది విని సంహిత పెదవి బిగబట్టింది. లాభం లేకపోయింది. ఎక్కడో అడుగున కదిలింది. ముసిముసీ లేదు, కిలకిలా లేదు. నిచ్చెన కింది మెట్లన్నీ వదిలేసి నేరుగా నాలుగోదే వచ్చి మీద పడింది. వంగిపోయింది. పక్కటెముకలు నొప్పెట్టాయి. నవ్వుతూ నవ్వుతూ, ఎప్పటిలాగే, పక్కకు తల తిప్పింది.

అక్కడ పెచ్చులూడిన గోడ ఉంది. ఎర్ర డబ్బా ఉంది. ఆమె దాన్ని చూసింది. చూసినా నవ్వు ఆగలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. నవ్వు తేజస్‌తో పోలేదు. ఇన్నాళ్ళూ లోపలెక్కడో ఉంది.

అందరికంటే ఆలస్యంగా, ఇష్టం లేనట్టుగా, విహాన్ నవ్వాడు. ఆ గదికి ఆ నవ్వు చాలా పెద్దది.

ఆ సాయంత్రం నాటకంలో ఆఖరి ఘట్టం వచ్చింది. ముద్దాయి వేషంలో ఉన్న విహాన్ చెప్పవలసిన మాట చెప్పి, నాటకంలో లేని పని ఒకటి చేశాడు. జడ్జిగారి ముందు మోకాళ్ళు వంచాడు. అంతటితో ఊరుకోక, ఇంకొంచెం వంచాడు. జడ్జిగారు ఇక కుర్చీలో నిలవలేదు. ముందు వరసలో ఒక పెద్దావిడ ఎందుకో తెలియకుండానే అందుకుంది. ఆ తరవాత ఎవరి నవ్వు ఎవరిదో తెలియలేదు.

వాళ్ళకు రెండో బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేతలు వేదిక మీద తమ అభిప్రాయం చెబుతూ, అన్నీ బాగున్నాయి గానీ జడ్జి పాత్రధారిణి నవ్వు మాత్రం సహజంగా లేదని, మధ్యమధ్య తెగిందని అన్నారు.

"అవునండి, తెగింది," అని సంహిత వినయంగా ఒప్పుకుంది.

*

ఎవరి ఊరి బస్సు వాళ్ళు ఎక్కకముందే తీర్మానం అయిపోయింది. ఇక మీదట మేలుకొలుపు విహాన్ నడుపుతాడు. రోజుకొక తీరుగా నడుపుతాడు. నిన్నటిది ఇవాళ ఉండదు. అలవాటు దొరక్కపోతే ఊహిక చేయగలిగింది ఏమీ లేదు.

సోమవారం పొద్దున్న సంహిత చాప ఎక్కింది. తోటకూర కట్ట వంటింటి పీట మీద విప్పకుండా ఉంది.

"సార్, మొదలు మీ మోకాళ్ళు," అన్నాడు విహాన్.

"ఏందయ్యా ఈ శిక్ష," అన్నారు కౌశిక్ గారు. జుట్టు రేగి ఉంది, పక్క మీది గీతలు చెంప మీద ఉన్నాయి. "పొద్దున్నే ఇది మనిషి చేసే పనేనా?"

"ఇంకొంచెం సార్."

"నాను దోసెడు పప్పు రుబ్బుకుంటూ ఉంటే పరవానేదా?" అంది హర్షిణి.

"రుబ్బు. గని చాప మీదనే రుబ్బు."

ఊహిక తికమక పడింది. ఏది ఊహించబోయినా తప్పింది. చివరికి అది ఊరుకుంది. ఎన్నడో పూడ్చేసిన ఆ అరక్షణం మళ్ళీ వచ్చింది. ఒకరు చెయ్యి ఎత్తితే ఇంకొకరిది కాస్త వెనకగా లేచింది. మకారం నాలుగు ముక్కలై వినిపించింది. పిచ్చుకను ఒకరి మీద ఒకరు పడి పలికారు. ఇంతకుముందు నలుగురిదీ ఒకే గొంతులా ఉండేది. ఇప్పుడు సంతలా ఉంది.

"నిచ్చెన," అన్నాడు విహాన్. "ఇయ్యాల పైనుంచి కిందికి. మొదలు నాలుగోది."

సంహితకు తెలుసు. ఇవాళ ఒకటి, రేపు ఒకటి, ఇలా ఇంకొన్నాళ్ళు గడిస్తే ఆ పాత నవ్వును చాప విడిచిపెడుతుంది. గుమ్మం వైపు ఆ తల ఇక తిరగదు. ఆమె ఒకసారి తనంతట తాను అటు తిరిగి చూసింది. గుమ్మం, పీట, తోటకూర.

"గుర్రాలు ఇందాకే అయిపోయాయండి," అని లోపల్లోపల అనుకుని, ఇటు తిరిగి నవ్వింది. బొంగురుగా వచ్చింది. మధ్యలో తెగింది. అయినా చివరిదాకా నవ్వింది.

నవ్వి, ఆగి, చెవి ఒగ్గింది. హర్షిణిది వచ్చింది. కౌశిక్ గారిది ఆవలింతతో కలిసి వచ్చింది. విహాన్‌ది ఇంకా రాలేదు. తాడిపత్రి అవతల నుంచి, ఆ పలకలన్నీ దాటుకుని రావాలి. ఆమె దానికోసం నిలబడింది.

అరక్షణం ఆలస్యంగా అతని నవ్వు వచ్చి గదినంతా నింపింది.

ఆ పూట ఆమెకు కూర లేదు. మాగాయతో నాలుగు ముద్దలు తినేసి, బడి కోసం మళ్ళీ చాప ఎక్కింది.